తాడు చాలని బావి

2004 డిసెంబర్ 26. ఆదివారం. తెల్లవారుజాము చలి ఇంకా వదల్లేదు.

మార్గశిర పౌర్ణమి. మచిలీపట్నం పక్కన మంగినపూడి బీచ్‌కి జనం సముద్రస్నానాలకి వస్తున్నారు. కాళ్ల కింద నల్లమట్టి, తూర్పున ఎర్రబడుతున్న ఆకాశం, ఒడ్డుదాకా వచ్చి వెనక్కి పోయే చిన్న అలలు. సముద్రం బుద్ధిగా ఉంది.

6 గంటల 28 నిమిషాల 53 సెకన్లు. సరిగ్గా అప్పుడే, ఆ నీళ్లకి రెండువేల కిలోమీటర్ల పైచిలుకు అవతల, నేల తెగింది.

సుమత్రా దీవికి పడమటి పక్క, ముప్ఫై కిలోమీటర్ల లోతున, రెండు రాతి పలకలు ఒకదాని కింద ఒకటి ఇరుక్కుని వందల ఏళ్లుగా బిగుసుకుపోయి ఉన్నాయి. కింది పలక ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున లోపలికి దూరుతుంటే, పైపలక అంచు దాంతోపాటే వంగుతూ వచ్చింది. ఇక వంగలేకపోయింది. పట్టు వదిలేసింది. అంచు చివ్వున పైకి లేచింది. దానిమీదున్న సముద్రమూ లేచింది.

అక్కణ్ణుంచి రెండు కబుర్లు ఒకేసారి బయల్దేరాయి. ఒకటి రాతిలోంచి, సెకనుకి ఎనిమిది కిలోమీటర్ల చొప్పున. రెండోది నీళ్లమీద, గంటకి ఏడువందల కిలోమీటర్ల చొప్పున. మొదటిది రెండోదానికంటే నలభై రెట్లు వేగం. ఆ తేడాయే తీరంలో ఉన్న మనిషికి దొరికే గడువు. మంగినపూడికి ఆ ఆదివారం దొరికిన గడువు రెండున్నర గంటలు.

ఎవరన్నా చెబితే.

•

మొదటి కబురు అయిదు నిమిషాల్లో హైదరాబాద్ చేరింది. ఊరింకా పూర్తిగా నిద్రలేవలేదు. ఉప్పల్ రోడ్డులో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఆవరణలో ఉన్న భూకంప పరికరం మాత్రం ఎప్పుడూ పడుకోదు. దాని లోపల ఉన్నది, మూలసూత్రం మటుకు చూస్తే, వేలాడే బరువు. నేల కదిలినా బరువు మొండికేసి ఉన్నచోటే ఉండిపోతుంది. కదిలే నేలకీ కదలని బరువుకీ మధ్య వచ్చే ఎడాన్ని పరికరం గీతగా రాస్తుంది.

గీత ఒక్కసారిగా ఎగిరింది.

ముందొచ్చేది పి తరంగం. గూడ్సు బండికి ఇంజను తగిలించినప్పుడు డబ్బా నుంచి డబ్బాకి దెబ్బ పాకినట్టు, రాయిని నెట్టుకుంటూ వస్తుంది. వెనకాల వచ్చేది ఎస్ తరంగం. తాడు కొస పట్టుకుని ఝాడిస్తే మెలికలు పోయినట్టు, రాయిని అటూఇటూ ఊపుతూ నిదానంగా వస్తుంది. మెరుపుకీ ఉరుముకీ మధ్య అంకెలు లెక్కపెట్టి పిడుగు ఎంత దూరాన పడిందో పెద్దవాళ్లు చెప్పినట్టే, ఈ రెంటి మధ్య ఎడాన్ని బట్టి భూకంపం ఎంత దూరమో తేల్చొచ్చు. సుమత్రా దూరానికి హైదరాబాద్‌లో ఆ ఎడం సుమారు నాలుగు నిమిషాలు. లెక్క కడితే రెండున్నర వేల కిలోమీటర్లు.

దూరం తెలిసింది. మరి ఏ దిక్కు?

గుంజకి కట్టిన దూడని చూడండి. తాడు పొడవు తెలుసు, దూడ ఎటుందో తెలీదు. గుంజ చుట్టూ సున్నా చుడితే, ఆ సున్నా మీద ఎక్కడైనా ఉండొచ్చు. హైదరాబాద్ ఒక గుంజ. ఇంకో ఊళ్లో ఇంకో గుంజ, దాని చుట్టూ ఇంకో సున్నా. రెండు సున్నాలు రెండుచోట్ల కోసుకుంటాయి. మూడో గుంజ పాతితే దూడ దొరికిపోతుంది. ఇవాళ కంప్యూటర్లు పదుల కొద్దీ గుంజలు పాతి, పి తరంగం ఎక్కడికి ఎన్ని గంటలకి తగిలిందో చూసుకుని, లోతుతో సహా నిమిషాల్లో చెప్పేస్తాయి.

‘ఎక్కడ’ అన్నది తేలికే. చిక్కంతా ‘ఎంత’ అన్నదానితోనే వచ్చింది.

•

హవాయిలో ఇంకా డిసెంబర్ 25. క్రిస్మస్. మధ్యాహ్నం మూడు దాటి ఏడు నిమిషాలు.

ఈవా బీచ్‌లో సముద్రానికి దగ్గర్లోనే పసిఫిక్ సునామీ హెచ్చరిక కేంద్రం. 1946లో వచ్చిన సునామీ హవాయిలో 159 మందిని మింగేశాక, 1949లో పెట్టిన కేంద్రం అది. పండగ పూట డ్యూటీలో ఇద్దరే ఉన్నారు. స్టూవర్ట్ వైన్‌స్టీన్, బ్యారీ హిర్షార్న్. పదకొండున్నర వేల కిలోమీటర్ల అవతల తెగిన నేల కబురు ఆస్ట్రేలియా స్టేషన్లని తాకి, అక్కణ్ణుంచి వీళ్ల దగ్గరికొచ్చి, అలారం మోగించింది.

మన గడియారంలో అప్పుడు 6 గంటల 37 నిమిషాలు.

తెరల మీద గీతలు బుసలు కొడుతున్నాయి. ఏ స్టేషన్‌లో ఎప్పుడు మొదలైందో చూశారు. చోటు దొరికింది. సుమత్రా ఉత్తర కొసకి పడమర. పసిఫిక్ కాదు, హిందూ మహాసముద్రం. వాళ్ల పరిధి కాదు. మరి ఎంత పెద్దది? పి తరంగం మొదటి భాగాన్ని తీసుకుని కంప్యూటర్ లెక్క కట్టింది.

8.0.

పెద్దదే. కానీ ఆ లెక్కన పసిఫిక్ తీరాలకి భయం లేదు. 3 గంటల 14 నిమిషాలకి మొదటి బులెటిన్ వెళ్లిపోయింది. భూకంపం మొదలై అప్పటికి పావుగంట. రూలు ప్రకారం చూస్తే పని చకచకా అయిపోయినట్టే.

పని అవలేదు. అసలు వాళ్లు కొలిచింది పూర్తి భూకంపాన్నే కాదు.

•

1935లో కాలిఫోర్నియాలో చార్లెస్ రిక్టర్ ఒక కొలబద్ద తయారుచేశాడు. వంద కిలోమీటర్ల దూరంలో పెట్టిన ఒక రకం పరికరం మీద గీత ఒక్క మిల్లీమీటరు ఎగిరితే ఆ భూకంపం తీవ్రత 3. సెంటీమీటరు ఎగిరితే 4. పది సెంటీమీటర్లు ఎగిరితే 5. అంకె ఒకటి పెరిగితే ఊపు పది రెట్లు, బయటపడే శక్తి దాదాపు 32 రెట్లు. రెండంకెలు పెరిగితే వెయ్యి రెట్లు. కాలిఫోర్నియాలో దగ్గరదగ్గర వచ్చే భూకంపాలకి అది చక్కగా కుదిరింది.

మహా భూకంపాలకి కుదర్లేదు. ఎందుకంటే అవి ఎక్కువ ఎత్తున ఊగవు, ఎక్కువసేపు ఊగుతాయి. చిన్న భూకంపం సెకన్లలో తెగి ఆగుతుంది. పెద్దది తెగుతూనే పోతుంది. పొట్టి తరంగాలని మటుకే చూసే కొలబద్దకి ఒక హద్దు దాటాక అన్నీ ఒకే సైజులో కనిపిస్తాయి. పది గజాల తాడు కట్టిన బొక్కెనని ముప్ఫై గజాల బావిలోకి దింపితే తాడు అయిపోతుంది, నీళ్లు తగలవు. పైన ఉన్నవాడు లోతు పది గజాలంటాడు. అతను అబద్ధమాడలేదు. తాడు అంతే ఉంది.

అందుకే 1979లో టామ్ హ్యాంక్స్, హిరూ కనమోరి గీత ఎత్తుని పక్కనపెట్టి వేరే మూడు ప్రశ్నలు అడిగారు. ఎంత మేర తెగింది? ఎన్ని మీటర్లు జారింది? ఆ రాయి ఎంత గట్టిది? మూడింటినీ గుణిస్తే వచ్చేదే అసలు బలం. ఇవాళ పేపర్లో మనం చదివే అంకె చాలాసార్లు ఇదే. పేరు మటుకు ఇంకా రిక్టర్‌దే నోట్లో నానుతోంది.

ఈవా బీచ్‌లో ఆ మధ్యాహ్నం వాడింది కూడా ఈ కొత్త పద్ధతికి దగ్గరిదే. కానీ ఆ లెక్కకి దొరికింది పి తరంగం తొలి ముక్క. తెగుతున్న నేల ఇంకా ఆగకముందే బయల్దేరిన ముక్క. వెనకాల వచ్చిన ముక్కల మీద వేరే తరంగాలు పడి కలగాపులగం అయిపోయాయి.

ఆ వెనక ముక్కల్లోనే అసలు కథ ఉంది.

•

సుమత్రా దగ్గర మొదలైన చీలిక అక్కడ ఆగలేదు. ఉత్తరానికి తిరిగింది. సెకనుకి సుమారు రెండున్నర కిలోమీటర్ల వేగంతో, పాత గుడ్డ పోగులు పోగులుగా చిరిగినట్టు, నికోబార్ దీవుల కింద నుంచి, కార్ నికోబార్ దాటి, అండమాన్ దాకా, ఎనిమిది నిమిషాలకి పైగా చిరుగుతూనే పోయింది. పన్నెండు వందల కిలోమీటర్ల పైన. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా మన కోస్తా మొత్తాన్ని దానిమీద పరిచినా ఇంకా మిగిలేంత పొడవు.

మ్యాపు మీద పెట్టిన చుక్క చీలిక మొదలైన చోటు మాత్రమే. అంకె ఎలా పొట్టిదైందో, చుక్కా అలాగే పొట్టిదైంది.

ఈ తేడా కాగితం మీది తేడా కాదు. సునామీ తన బలాన్ని చీలిక పొడుగునా కాక, దానికి అడ్డంగా విసురుతుంది. చీలిక దక్షిణం నుంచి ఉత్తరానికి పడుకుంది. అంటే అల గురి తూర్పున థాయ్‌లాండ్ మీద, పడమట శ్రీలంక మీద, మన తీరం మీద.

హవాయిలో 4 గంటల 4 నిమిషాలు. మనకి 7 గంటల 34 నిమిషాలు. నిదానంగా వచ్చే పొడుగు తరంగాలు ఒక్కొక్కటే చేరుతున్నాయి. వాటితో మళ్లీ లెక్కేశారు.

8.5.

రెండో బులెటిన్ వెళ్లింది. భూకంప కేంద్రం దగ్గర్లో సునామీ వచ్చే అవకాశం ఉందని ఈసారి అందులో రాశారు. అంతకుమించి చూడ్డానికి కళ్లు లేవు. పసిఫిక్‌లో అల ఎత్తుని పసిగట్టే బోయాలున్నాయి. హిందూ మహాసముద్రంలో ఒక్కటీ లేదు. ఈ తీరాల్లో ఎవరికి ఫోన్ చేయాలో తేల్చిపెట్టిన వ్యవస్థా లేదు. తెరల మీద భూమి ఇంకా ఊగుతూనే ఉంది. నీళ్లు ఏం చేస్తున్నాయో చెప్పే గీత మటుకు ఏ తెర మీదా లేదు.

సాయంత్రం అయిదున్నర ప్రాంతంలో ఇంటర్నెట్‌లో ఒక వార్త కనిపించింది. శ్రీలంకలో జనం చనిపోతున్నారు. సునామీ వచ్చిందని ఆ కేంద్రానికి తెలిసింది అలాగే.

మన గడియారంలో తొమ్మిది. ఎండెక్కింది. మంగినపూడిలో జనం ఇంకా నీళ్లలోనే ఉన్నారు.

•

ఆ రోజు పద్నాలుగు దేశాల్లో దాదాపు 2 లక్షల 27 వేల మంది పోయారు. ఆంధ్ర తీరంలో పోయినవాళ్లు వందకు పైగా. మంగినపూడిలో పౌర్ణమి స్నానానికి దిగినవాళ్లలో కొందరు తిరిగి ఒడ్డెక్కలేదు.

అంకె ఇంకా తేలలేదు.

కొన్ని గంటలకి హార్వర్డ్ యూనివర్సిటీ లెక్కలో 8.9 వచ్చింది. తర్వాత 9.0. ఇక్కడితో అయిపోయిందనుకున్నారు. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో సేథ్ స్టీన్, ఎమీల్ ఒకాల్‌కి మాత్రం అనుమానం తీరలేదు. గుడి గంటని కొడితే, కొట్టిన చెయ్యి దిగిపోయాక కూడా మోగుతూనే ఉంటుంది. భూమీ అంతే. ఆ దెబ్బకి భూగోళం మొత్తం మోగింది. ఒక్కసారి సాగి, నొక్కుకుని, మళ్లీ మొదటికి రావడానికి దాదాపు 54 నిమిషాలు పట్టేంత మంద్రస్వరం అది. మనిషి చెవికి వినపడదు. పరికరాలకి రోజుల తరబడి వినపడింది. ఆ మోత ఎంత గట్టిగా ఉందో కొలిచారు.

9.3.

2005 మార్చిలో ఆ లెక్క అచ్చయింది. అందరికంటే పొడవాటి తాడు వాళ్లదే. అది నీళ్లని తాకేసరికి మూడు నెలలు. ఇవాళ అమెరికా భూగర్భ సర్వే రికార్డులో ఉన్న అంకె 9.1. అదే తీసుకున్నా, మొదటి పావుగంటలో చెప్పిన 8.0కి నలభై రెట్ల పైన శక్తి.

•

2012 ఏప్రిల్ 11. బుధవారం. మధ్యాహ్నం 2 గంటల 8 నిమిషాలు. హైదరాబాద్‌లో నడినెత్తి ఎండ.

ప్రగతినగర్‌లో భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, ఇన్‌కాయిస్. చేపలు ఎక్కడ దొరుకుతాయో జాలర్లకి చెప్పే సంస్థ. 2007 అక్టోబర్ నుంచి సునామీ హెచ్చరికా దాని నెత్తినే పడింది. కనుచూపు మేరలో సముద్రం లేని ఊళ్లో కూచుని సముద్రానికి కాపలా కాయాలి.

అలారం. మళ్లీ సుమత్రా. మళ్లీ పడమటి పక్క. మళ్లీ ఎనిమిదిన్నర దాటిన అంకె.

ఎనిమిది నిమిషాల్లో మొదటి బులెటిన్ వెళ్లింది. తీరం పొడుగునా జనాన్ని ఒడ్డు నుంచి దూరంగా పంపడం మొదలైంది. అంకె ఉంది, చుక్క ఉంది. 2004 ఉదయం ఉన్నవీ ఇవే. ఈ గదిలో ఇప్పుడు ఇంకో ప్రశ్న కూడా ఉంది. నేల ఎటు కదిలింది? పైకి లేచిందా, పక్కకి జారిందా? పైకి లేస్తే నీళ్లని ఎత్తుకుపోతుంది. పక్కకి జారితే నీళ్లు పెద్దగా కదలవు. తరంగాల పోకడ చూస్తే పక్కకే జారినట్టుంది.

కానీ 2004 తర్వాత ఒక్క గీతని నమ్ముకుని కూచునే ధైర్యం ఎవరికుంది?

సముద్రం అడుగున, వేల మీటర్ల లోతున, పైనున్న నీటి బరువుని తూచే పరికరాలున్నాయి. ఆ బరువులో వచ్చిన తేడాని పైన తేలే బోయాకి చెబుతాయి. బోయా ఉపగ్రహానికి, ఉపగ్రహం హైదరాబాద్‌కి. అల వాటి మీదుగా పోవాలి. అప్పటిదాకా ఎదురుచూడాలి.

సాయంత్రం 4 గంటల 13 నిమిషాలకి ఇంకో దెబ్బ. 8.2. మళ్లీ అలారం. మళ్లీ ఎదురుచూపు.

నడిసముద్రం నుంచి కబురొచ్చింది. నీళ్లు లేచింది సెంటీమీటర్లలోనే.

హెచ్చరిక ఎత్తేశారు. ఆ రోజు వచ్చిన అంకె కూడా చిన్నదేం కాదు, చివరికి తేలింది 8.6. కానీ ఈసారి తాడు కొస నీళ్లలోనే ఉంది.