విమానాశ్రయ రాకపోకల నియంత్రణ

విమానాశ్రయ పరిసర గగనతలంలోనూ, నేలమీదా విమానాల కదలికలను క్రమబద్ధం చేసే వ్యవస్థను విమానాశ్రయ రాకపోకల నియంత్రణ అంటారు. ఇది ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌లో ఒక భాగం. విమానాలు ఢీకొనకుండా చూడడం దీని ప్రథమ కర్తవ్యం, ఆలస్యాన్ని తగ్గించడం రెండవది. సాధారణంగా రన్‌వేపై ఒక సమయంలో ఒక విమానానికే అనుమతి ఉంటుంది కనుక మిగిలిన ఏర్పాట్లన్నీ రన్‌వేను అనుసరించే జరుగుతాయి. తొలి కంట్రోల్ టవర్ 1920లో లండన్ సమీపంలోని క్రోయ్‌డన్ విమానాశ్రయంలో ఏర్పడినది.

పని విభజన

పెద్ద విమానాశ్రయాలలో ఈ బాధ్యతను పలువురు కంట్రోలర్లు పంచుకుంటారు.

* క్లియరెన్స్ డెలివరీ: బయలుదేరే విమానానికి ప్రయాణ మార్గపు అనుమతి ఇస్తుంది.
* గ్రౌండ్ కంట్రోల్: టాక్సీవేలపై కదలికలను నడిపిస్తుంది.
* టవర్ కంట్రోల్: రన్‌వేపై దిగడానికి, రన్‌వే నుండి ఎగరడానికి అనుమతి ఇస్తుంది.
* అప్రోచ్ కంట్రోల్: వచ్చే విమానాలను రాడార్ సహాయంతో ఒక వరుసలోకి తెస్తుంది.

విమానాల మధ్య దూరం

ఎగిరే విమానం రెక్కల చివరల నుండి గాలి సుడులు పుడతాయి. పెద్ద విమానాల సుడులు వెనుక వచ్చే చిన్న విమానాలను తలక్రిందులు చేయగలవు. అందువలన విమానాలను బరువును బట్టి తేలిక (7,000 కిలోల వరకు), మధ్యస్థ, భారీ (1,36,000 కిలోలు, ఆపైన) తరగతులుగా విభజించారు. ఎయిర్‌బస్ ఏ380ది ప్రత్యేక తరగతి. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం భారీ విమానం వెనుక మరొక భారీ విమానం 4, మధ్యస్థ విమానం 5, తేలిక విమానం 6 నాటికల్ మైళ్ళ దూరంలో రావాలి. ఇతర సందర్భాలలో రాడార్ కనీస దూరం 3 మైళ్ళుగా ఉండవచ్చు.

రెండు భారీ, రెండు మధ్యస్థ విమానాలు భారీ, మధ్యస్థ, భారీ, మధ్యస్థ అనే క్రమంలో దిగితే మొత్తం 13 మైళ్ళ ఎడం కావాలి. ముందు మధ్యస్థ విమానాలను, తరువాత భారీ విమానాలను దింపితే 10 మైళ్ళు చాలు. వరుస మార్చడం వలననే రన్‌వే సామర్థ్యం పెరుగుతుంది.

నేలమీద రద్దీ

రన్‌వే వద్ద బారులు తీరిన విమానాలు ఇంజన్లు నడుస్తూ ఇంధనాన్ని వృథా చేస్తాయి. విమాన సంస్థలు, విమానాశ్రయం, కంట్రోలర్లు సమయాలను ముందే పంచుకుంటే, వంతు వచ్చేవరకు విమానాన్ని గేటు వద్దనే ఆపవచ్చును. ఈ విధానాన్ని ఐరోపాలో మొదట 2007లో మ్యూనిక్ విమానాశ్రయం పూర్తిగా అమలుచేసింది.

ప్రమాదాలు, మార్పులు

1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరీఫ్ ద్వీపంలో దట్టమైన పొగమంచులో రెండు బోయింగ్ 747 విమానాలు రన్‌వేపై ఢీకొని 583 మంది మరణించారు. అనుమతి రాకుండానే కేఎల్ఎమ్ విమానం పరుగు మొదలుపెట్టింది. అప్పటికి పాన్ యామ్ విమానం ఇంకా రన్‌వేపైనే ఉన్నది. రేడియోలో జరిగిన అపార్థం ఇందుకు ఒక ముఖ్య కారణం. ఆ తరువాత "టేకాఫ్" అనే పదాన్ని ఎగరడానికి అనుమతి ఇచ్చేటప్పుడు, దానిని రద్దు చేసేటప్పుడు మాత్రమే వాడాలని, ముఖ్యమైన ఆదేశాలను పైలట్ తిరిగి చెప్పాలని నియమాలు కట్టుదిట్టం అయ్యాయి. అయినా ముప్పు పూర్తిగా తొలగలేదు. 2024 జనవరి 2న టోక్యోలోని హనెదా విమానాశ్రయంలో ప్రయాణికుల విమానం, తీరరక్షక దళ విమానం రన్‌వేపై ఢీకొన్నాయి. మొదటి దానిలోని 379 మంది బయటపడ్డారు, రెండవ దానిలోని ఆరుగురిలో ఐదుగురు మరణించారు.

భారతదేశంలో

1995 ఏప్రిల్ 1న ఏర్పడిన భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ దేశంలో ఈ సేవలను నిర్వహిస్తున్నది. 1996 నవంబరు 12న ఢిల్లీ సమీపంలోని చర్ఖీ దాద్రీ వద్ద రెండు విమానాలు గాలిలో ఢీకొని 349 మంది మరణించారు. అప్పటికి ఢిల్లీకి వచ్చే, పోయే విమానాలు ఒకే మార్గాన్ని వాడేవి. తరువాత వాటిని వేరుచేశారు. ముంబై విమానాశ్రయంలో రెండు రన్‌వేలు ఒకదానినొకటి ఖండించుకోవడం వలన వాటిని స్వతంత్రంగా వాడడం సాధ్యం కాదు. 2008లో ప్రారంభమైన శంషాబాదు విమానాశ్రయపు ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. దానిని మూసినప్పుడు వాడేందుకు 3,707 మీటర్ల సమాంతర రన్‌వే కలదు.

ఇవి కూడా చూడండి

* విమానం
* రాడార్
* రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం