తలుపు తట్టిన చట్టం



మొన్నటి వేసవిలో ఒకనాడు కొద్దిపాటి జ్వరం తగిలి, తొమ్మిది గంటలదాకా మంచం దిగలేదు. ఎదురింటి అమ్మాయి వచ్చి తలుపు దబదబ బాదింది. "మాష్టారూ, పాలపాకెట్టు ఇంకా గుమ్మంలోనే ఉందేమిటండీ? ఒంట్లో కులాసాయేనా?" అని కేక వేసింది. బాగానే ఉందమ్మా అని కాస్త విసుగ్గానే బదులిచ్చాను. ఇల్లాలు కాలం చేసి, కుమారుడు అమెరికాలో స్థిరపడ్డాక, ఒంటరిగా వండుకు తింటున్నవాణ్ణి. ఒకరు నన్ను కనిపెట్టి ఉంటున్నారంటే అభిమానం అడ్డువస్తుంది. ఆ మధ్యాహ్నం లోగడ చదివిన ఫ్రాన్సు దేశపు ఉదంతం జ్ఞప్తికి వచ్చి, నా విసుగుకు నేనే సిగ్గుపడ్డాను. ఆ చరిత్రే ఈ టపా.

2003 ఆగస్టు తొలి పక్షంలో పారిస్ నగరంలో ఎండ నలభై డిగ్రీల దరిదాపులకు చేరింది. రెంటచింతలవారు వింటే ఇదేమి ఎండ అని నవ్వుతారు. కాని అక్కడి ఇళ్ళు చలిని ఆపడానికి కట్టినవి. రేకు కప్పుల కింది పై అంతస్తు గదులు కొలుముల్లా కాగిపోయాయి. రాత్రులు కూడా చల్లబడలేదు. ముదిమిలో దాహం తెలియదు, చెమట సరిగా పట్టదు. దేహం తన వేడిని తాను దించుకోలేదు. పైగా ఆగస్టు వారికి సెలవుల మాసం. బిడ్డలు, ఇరుగుపొరుగు, వైద్యులు సైతం ఊళ్ళు వెళ్ళారు. ముసలివారు మిగిలారు.

ఆగస్టు 1 నుండి 20 వరకు మామూలుకంటె 14,802 మంది అధికంగా మరణించినట్లు తరువాత లెక్క తేలింది. వారిలో అత్యధికులు 75 ఏళ్ళు దాటినవారు. అందరూ ఒంటరివారు కారు. ఆసుపత్రులలోను, వృద్ధాశ్రమాలలోను పోయినవారూ ఎందరో ఉన్నారు. అయితే మూసిన తలుపుల వెనుక, ఎవరూ ఎరుగకుండా పోయినవారి సంగతే ఆ జాతిని కలచివేసింది. శవాలను భద్రపరచడానికి చోటు చాలక, రూంజీస్ టోకు బజారులోని శీతల గిడ్డంగిని వాడవలసివచ్చింది. తమవారని చెప్పేవారెవ్వరూ రాని 57 మందిని సెప్టెంబరు 3న తియే శ్మశానంలో ఖననం చేశారు. దేశాధ్యక్షుడు షిరాక్ స్వయంగా వెళ్ళి నిలబడ్డాడు. బ్రతికి ఉండగా పలకరింపుకు నోచుకోనివారికి అది ఆలస్యంగా అందిన మర్యాద.

మరుసటి ఏడు, 2004 జూన్ 30న, ఒక శాసనం వచ్చింది. ప్రతి పురపాలకాధ్యక్షుడూ తన ఊళ్ళో ఒంటరిగా ఉన్న వృద్ధుల, వికలాంగుల పట్టిక ఉంచుకోవాలి. వడగాడ్పుల హెచ్చరిక రాగానే వారికి ఫోను చేయాలి. పలకకపోతే మనిషిని పంపాలి. ఆ పట్టికలో చేరడం నిర్బంధం కాదు. తానుగా అడగవచ్చు, మరొకరు వ్రాసి ఇవ్వవచ్చు, వద్దంటే మానవచ్చు.

ఈ "వద్దంటే మానవచ్చు" అన్నది చిన్న మాట కాదు. ఇంగ్లండులో 1948 నాటి చట్టం ఒకటి ఇందుకు భిన్నమైన దారి పట్టింది. అపరిశుభ్రమైన ఇంట్లో, తన్ను తాను చూసుకోలేక, చూసేవారూ లేక ఉన్న వృద్ధుణ్ణి, ప్రజారోగ్య వైద్యాధికారి ధ్రువపత్రంపై, న్యాయస్థానం ఆజ్ఞతో, అతడు కాదన్నా ఇంటినుండి తరలించవచ్చునన్నది. 2015లో గాని అక్కడ ఆ అధికారం రద్దు కాలేదు. ఒకటి తలుపు తట్టే చట్టం, మరొకటి తలుపు తీయించే చట్టం. ముసలివారి అభిమానానికి మొదటిదే తగినదని నా అభిప్రాయం. ఆ అభిమానమే దానికి లోపం కూడా: ఎవరికి అవసరమో వారే పేరు ఇవ్వరు.

2006 జూలైలో ఫ్రాన్సులో మళ్ళీ వడగాడ్పులు వీచాయి. సుమారు 2,000 అదనపు మరణాలు సంభవించాయి. పూర్వానుభవాన్నిబట్టి ఊహించినదానికంటె ఇవి నాలుగువేలకు పైగా తక్కువని పరిశోధకులు అంచనా కట్టారు. ఆ ఘనత అంతా పట్టికది కాదు. ముందస్తు హెచ్చరికలూ, వృద్ధాశ్రమాలలో ఏర్పరచిన చల్లని గదులూ తోడయ్యాయి.

మన సంగతి? అదే 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకు వెయ్యిమందికి పైగా అసువులు బాసారు. ఎండలో కూలికి వెళ్ళక తప్పని నిరుపేదలను అది ముఖ్యంగా కాటేసింది. వృద్ధుల కోసం 2007లో కేంద్రం ఒక చట్టం చేసింది; బిడ్డలనుండి మనోవర్తి కోరే హక్కు అందులో ఉంది. మనోవర్తి నెలకొకమారు బ్యాంకులో పడుతుంది. తలుపు తట్టే చేయి ఆ మనోవర్తిలో లేదు. మనకు వాడలున్నాయి, అరుగులున్నాయి అనుకుంటాం. అరుగులు పోయి అపార్టుమెంట్లు వచ్చాయన్నది మరచిపోతాం.

అటువంటి పట్టిక మా ఊళ్ళో పెడితే నా పేరు ఇస్తానా? నిజం చెప్పాలంటే, ఆ ఉదయం వరకు ఇచ్చి ఉండేవాణ్ణి కాను. సాయంత్రం ఎదురింటికి వెళ్ళి, మా ఇంటి రెండో తాళంచెవి, అబ్బాయి ఫోను నంబరు వ్రాసిన చీటీ ఆ అమ్మాయి చేతిలో పెట్టి వచ్చాను.

మీ వీధిలో ఏ గుమ్మంలోనైనా పొద్దెక్కినా పాలపాకెట్టు అలాగే ఉంటే, దయచేసి తలుపు తట్టండి. లోపలివారు విసుక్కున్నా సరే.