కడిగిన కారును ఆరబెట్టడం

కడిగిన కారును ఆరబెట్టడం అనగా, ఇంటివద్ద కారును కడిగిన తరువాత దాని ఉపరితలంపైన, సందులలోను నిలిచిన నీటిని గుడ్డతో గాని, గాలితో గాని తొలగించడం. నీరు ఎలాగూ ఆవిరైపోతుంది కనుక ఈ పని అనవసరమని చాలామంది భావిస్తారు. అయితే ఆవిరయ్యేది నీరు మాత్రమే. అందులో కరిగి ఉన్న లవణాలు కారు రంగుపైనే మిగిలిపోయి తెల్లని మరకలుగా ఏర్పడతాయి. బోరు నీటితో కార్లు కడిగే ప్రాంతాలలో ఈ సమస్య ఎక్కువ. కనుక నీరు ఆరకముందే దానిని తీసివేయడం ఈ ప్రక్రియలోని ముఖ్య సూత్రం.

నీటి మరకలు ఏర్పడే విధానం

కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా కరిగి ఉన్న నీటిని కఠిన జలం అంటారు. కఠిన జలం ఆవిరయ్యేటప్పుడు అందులోని కాల్షియం బైకార్బొనేటు నుండి కార్బన్ డయాక్సైడు వెలువడి, నీటిలో కరగని కాల్షియం కార్బొనేటు మిగులుతుంది. నీళ్ళు కాచే పాత్రల అడుగున, గీజరు లోపల పేరుకొనే తెల్లని పొరలో ఉండేది ప్రధానంగా ఈ పదార్థమే. కారు మీద నిలిచిన నీటి బొట్టు అంచుల నుండి ఆరుతూ వస్తుంది కనుక లవణం అంచు వెంబడి ఎక్కువగా చేరి, మరక ఉంగరం ఆకారంలో కనిపిస్తుంది.

భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 (2012) ప్రకారం తాగునీటిలో మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనిచోట 600 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. లీటరుకు 600 మిల్లీగ్రాముల కాఠిన్యం గల నీరు అర లీటరు కారుపై ఆరిపోయినచో సుమారు 0.3 గ్రాముల ఖనిజం దానిపై మిగులుతుంది. ఇది చిన్న మొత్తమే అయినా వందలాది బొట్లుగా పరచుకొనడం వలన నల్లని, ముదురు రంగు కార్లపై స్పష్టంగా కనిపిస్తుంది. తెలంగాణ, రాయలసీమలలో చాలా భాగం గట్టి శిలలు గల నేల. ఆ శిలల పగుళ్ళలో నిలిచే భూగర్భజలం అనేక చోట్ల కఠినంగా ఉంటుంది.

ఇంట్లోని ఆర్.ఓ. యంత్రం నుండి బయటకు వచ్చే వృథా నీటితో కారు కడగడం కొన్ని ఇళ్ళలో వాడుక. నీటి పొదుపు దృష్ట్యా ఇది మంచిదే. కాని ఆ నీటిలో లవణాల గాఢత మూల జలంలో కంటె అధికం. అందువలన దానిని మొదటి కడుగుకు మాత్రమే వాడి, చివరి కడుగుకు కుళాయి నీటిని గాని, పట్టి ఉంచిన వాన నీటిని గాని వాడడం మేలు. వాన నీరు మృదు జలం కనుక మరకలు తక్కువగా పడతాయి.

రంగు పొరలు, గీతలు

ఆధునిక కార్ల రంగుపై క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటుంది. దీని మందం సాధారణంగా 40 నుండి 50 మైక్రాన్లు, అనగా ఒక సన్నని తల వెంట్రుక మందానికి మించదు. కారుకు మెరుపునిచ్చేది, ఎండ నుండి రంగును కాపాడేది ఈ పొరే. సరిగా కడగని కారును గట్టిగా రుద్ది తుడిచినపుడు మిగిలిన ఇసుక రేణువులు దీనిపై సన్నని వలయాకారపు గీతలు గీస్తాయి. ఈ గీతలను పాలిష్ చేసి పోగొట్టిన ప్రతిసారీ పొర కొంత అరిగిపోతుంది.

తుడవడానికి వాడే గుడ్డలు

మైక్రోఫైబర్ తువాలు: పాలియెస్టరు, నైలాను కలిపిన అతి సన్నని పోగులతో నేస్తారు. పోగు మందం ఒక డెనియర్ కంటె తక్కువ (9,000 మీటర్ల పొడవు గల పోగు బరువు ఒక గ్రాము ఉంటే అది ఒక డెనియర్). అతి సూక్ష్మమైన ఇటువంటి పోగును 1970లో జపానుకు చెందిన టోరే సంస్థ శాస్త్రవేత్త మియోషి ఒకమోటో రూపొందించాడు. కుచ్చు ఎక్కువగా ఉన్న తువాలు నీటిని బాగా పీల్చుకుంటుంది. మిగిలిన రేణువులు కుచ్చులోకి చేరడం వలన గీతలు తక్కువగా పడతాయి.

షామీ తోలు: పూర్వం ఐరోపా పర్వతాలలోని షామీ అనే మేకజాతి జంతువు తోలుతో చేసేవారు. ఇప్పుడు ఎక్కువగా చేపనూనెతో పదును చేసిన గొర్రెతోలును వాడుతున్నారు. ఇది చదునుగా ఉండడం వలన ఇసుక రేణువు చిక్కితే దాగే చోటు ఉండదు.

కృత్రిమ షామీ: పాలీవినైల్ ఆల్కహాలుతో తయారవుతుంది. ఆరినపుడు అట్టలా గట్టిపడుతుంది కనుక తడిపి, పిండి వాడాలి.

పాత చొక్కాలు, లుంగీలు: కుట్లు, గుండీలు గీతలు పెడతాయి. నీటిని పీల్చే శక్తి కూడా తక్కువ.

మైక్రోఫైబర్ తువాళ్ళను నూలు బట్టలతో కలిపి ఉతికితే వాటి నూగు అంటుకుంటుంది. బట్టలు మెత్తబడడానికి వేసే కండిషనరు వాటి పీల్చే శక్తిని తగ్గిస్తుంది. నేలపై పడిన తువాలును ఉతకకుండా తిరిగి వాడరాదు.

పద్ధతి

ఎండలో నిలిపిన కారు రేకు బాగా వేడెక్కి, తుడిచేలోపే నీరు ఆరిపోతుంది. కనుక ఉదయం గాని, సాయంత్రం గాని, నీడలో కడగడం మంచిది. వేసవిలో కారంతా ఒకేసారి తడపక, ఒక్కొక్క భాగాన్ని కడిగి వెంటనే తుడవాలి.

1. చివరి కడుగులో గొట్టం మూతిని తీసివేసి, నీటిని పైకప్పు నుండి నెమ్మదిగా పారనివ్వాలి. నీరు పలుచని తెరలా జారుతూ బొట్లను వెంట తీసుకుపోతుంది.
2. పైకప్పు, అద్దాలు, బానెట్, డిక్కీ, తలుపులు అనే క్రమంలో పైనుండి క్రిందికి తుడవాలి.
3. తువాలును చదునుగా పరచి, బరువు వేయకుండా లాగాలి లేదా అద్దాలి. గుండ్రంగా రుద్దరాదు.
4. బురద ఎక్కువగా ఉండే క్రింది భాగానికి, చక్రాలకు వేరే గుడ్డ వాడాలి.
5. పక్క అద్దాల వెనుక, పిడుల క్రింద, నంబరు పలక చుట్టూ చేరిన నీటిని చిన్న బ్లోయరుతో బయటకు తోలవచ్చు. గాలి రంగును తాకినా గీతలు పడవు.

సందులు, బ్రేకులు

ఇనుము, నీరు, ఆక్సిజను కలిసినచోట తుప్పు మొదలవుతుంది. ఉప్పు ఉంటే త్వరగా సాగుతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాలలో గాలిలోనే ఉప్పు ఉంటుంది కనుక తడి నిలవకుండా చూడడం మరింత అవసరం. తలుపుల అడుగు అంచున నీరు కారిపోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. ఇవి మట్టితో మూసుకుపోతే నీరు లోపలే నిలిచి, పైకి కనబడకుండా తుప్పు పడుతుంది. ముందు అద్దం క్రింద చేరే ఆకులను కూడా తీసివేయాలి. తుడిచిన తరువాత తలుపులు, డిక్కీ కొంతసేపు తెరచి ఉంచి రబ్బరు బీడింగులను ఆరనివ్వాలి.

తడిసిన బ్రేకులు తాత్కాలికంగా సరిగా పట్టవు. కనుక కడిగిన తరువాత ఇతర వాహనాలు లేని చోట కారును నెమ్మదిగా నడుపుతూ బ్రేకును కొన్నిసార్లు తేలికగా నొక్కి ఆరబెట్టాలి. తడి బ్రేకులతోనే హ్యాండ్ బ్రేకు వేసి కారును రోజుల తరబడి నిలిపి ఉంచితే, తుప్పు వలన అవి అతుక్కుపోయే అవకాశం ఉన్నది.

మరకలు పడినపుడు

కొత్త మరకలు వెనిగరుతో పోతాయి. తెల్ల వెనిగరులో అంతే నీరు కలిపి, నీడలో, చల్లగా ఉన్న రేకుపై గుడ్డతో అద్ది, ఒకటి రెండు నిమిషాల తరువాత మంచినీటితో కడిగి తుడవాలి. ఇందులోని ఎసిటిక్ ఆమ్లం కార్బొనేటును కరిగిస్తుంది. స్నానాల గదులు శుభ్రపరచే యాసిడ్‌ను కారుపై ఎన్నడూ వాడరాదు. అందులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం లోహాన్ని తినివేస్తుంది. నెలల తరబడి వదిలేసి క్లియర్ కోట్‌లోకి దిగిన మరకలు పాలిష్ చేస్తేనే పోతాయి.

నీటి వాడకం

2024 మార్చిలో నీటి ఎద్దడి ఏర్పడినపుడు బెంగళూరు జలమండలి తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించి, ఉల్లంఘించినవారికి 5,000 రూపాయల జరిమానా ప్రకటించింది. గొట్టం బదులు బకెట్లతో కడిగితే నీరు ఆదా అవుతుంది. చివరి కడుగుకు ఒక బకెట్ మృదు జలం, ఆరకముందే తుడిచే ఒక మంచి తువాలు ఉంటే మరకల కోసం కారును మళ్ళీ కడగవలసిన అవసరం రాదు.

ఇవి కూడా చూడండి

కఠిన జలం
తుప్పు
వాన నీటి సంరక్షణ