అటకెక్కిన షాట్‌గన్

అమెరికాలో నలుగురు కుర్రాళ్ళు కారు దగ్గరికి నడుస్తుంటే ఒకడు ఉన్నట్టుండి "షాట్‌గన్!" అని అరుస్తాడు. కంగారు పడక్కర్లేదు, డ్రైవర్ పక్క సీటు నాది అని దానర్థం. గుర్రపు బండ్ల కాలంలో డబ్బు పెట్టె మోసుకెళ్ళే బండిలో, తోలేవాడి పక్కన పొట్టి గొట్టాల తుపాకీ పట్టుకుని ఓ కాపలావాడు కూర్చునేవాడు. కాపలావాడు నిజమే గానీ, ఆ మాట జనం నోళ్ళలో పడింది మాత్రం బండ్లు పోయాక, కథల పుస్తకాల వల్లా కౌబాయ్ సినిమాల వల్లా. మాట ఇప్పటికీ బతికే ఉంది. ఆ తుపాకీని కొత్తగా కొనేవాళ్ళే తగ్గిపోతున్నారు. ఎందుకు తగ్గారు అన్నది నాకు తుపాకుల సంగతికన్నా మనుషుల సంగతిగానే ఎక్కువ కనిపిస్తుంది.

ముందు అసలు వస్తువేమిటో చూద్దాం. మన ఊళ్ళలో బ్యాంకు గేటు దగ్గర స్టూలు మీద కూర్చునే గార్డు భుజానికి రెండు గొట్టాల తుపాకీ ఉంటుంది చూశారా, అది షాట్‌గనే. రైఫిల్ గొట్టం లోపల మెలితిరిగిన గాడులుంటాయి, వాటివల్ల ఒక్క తూటా గిరగిరా తిరుగుతూ తిన్నగా చాలా దూరం పోతుంది. షాట్‌గన్ గొట్టం లోపల నున్నగా ఉంటుంది. దాని తోటాలో పిట్టల కోసమైతే ఆవగింజల్లాంటి గుళ్ళు వందల కొద్దీ, జింకల కోసమైతే బఠాణీ గింజలంతవి ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి. ఎగిరే పిట్టని ఒక్క తూటాతో కొట్టడం దాదాపు అసాధ్యం కాబట్టి ఈ ఏర్పాటు. ఇక "12 గేజ్" లెక్క మరీ విచిత్రం. ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు సరిగ్గా ఆ గొట్టంలో పట్టాలి. అంచేత 20 గేజ్ అంటే 12 కన్నా సన్నం. అంకె పెరిగితే గొట్టం తగ్గుతుంది. బాగా సన్నదైన .410 మాత్రం అసలు గేజే కాదు, అంగుళాల్లో కొలత. వందల ఏళ్ళ కోడ్‌ని ఎవరూ రీఫాక్టర్ చెయ్యలేదన్నమాట :)

అమెరికా పల్లెల్లో ఒకప్పుడు ఇంటికొక్క తుపాకీ ఉందంటే అది చాలాసార్లు షాట్‌గనే. కారణం సులువు. తుపాకీ ఒక్కటే, తోటా మారిస్తే పని మారుతుంది. కుందేలు, అడవి బాతు, మొక్కజొన్న మీద వాలే కాకులు, కోళ్ళగూటికొచ్చే నక్క, అన్నిటికీ అదే. పైగా చవక. సియర్స్ కేటలాగు చూసి ఉత్తరం రాస్తే పోస్టులో ఇంటికొచ్చేది. 1968లో తుపాకుల చట్టం వచ్చి రాష్ట్రాల మధ్య పోస్టు అమ్మకాల్ని ఆపేదాకా ఇదే పద్ధతి.

ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి జాన్ బ్రౌనింగ్, యూటాలోని ఆగ్డెన్ ఊరివాడు. వించెస్టర్ కంపెనీ ఆయన డిజైన్లని ఏకమొత్తం ఇచ్చి కొనేసుకునేది. వాళ్ళకి లివర్ రైఫిళ్ళ పేరుంది కాబట్టి షాట్‌గన్‌కీ లివరే పెట్టమన్నారు. ముందుచెయ్యితో వెనక్కీ ముందుకీ లాగే పంపు పద్ధతే మేలని ఆయన చెప్పినా వినలేదు. 1887 మోడల్ అలా వచ్చింది. తర్వాత 1893, 1897 మోడళ్ళలో పంపుకే రావల్సొచ్చింది. ఆ 1897 మోడలే మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లోకి దిగింది. అది అనవసరమైన బాధ పెట్టే ఆయుధమని 1918 సెప్టెంబరులో జర్మనీ అధికారికంగా అభ్యంతరం చెప్పింది, అమెరికా తోసిపుచ్చింది. విషవాయువు వదిలినవాళ్ళు చెప్పిన అభ్యంతరం అది!

1898కల్లా బ్రౌనింగ్ ఇంకో మెట్టెక్కాడు. పేలిన తోటా వెనక్కి తన్నే బలంతోనే ఖాళీ తోటాని బయటికి విసిరి కొత్తదాన్ని ఎక్కించుకునే షాట్‌గన్ తయారుచేశాడు. ఈసారి ఏకమొత్తం వద్దు, అమ్మిన ప్రతిదాని మీదా రాయల్టీ కావాలన్నాడు. వించెస్టర్ కుదరదంది (ఇలాంటి మాటకి మేనేజ్‌మెంటు జవాబు ఎలా ఉంటుందో మనకి కొత్తగా చెప్పాలా). 1902లో రెమింగ్టన్ అధ్యక్షుణ్ణి కలవడానికెళ్ళి బయట కూర్చుంటే, ఆయన గుండెపోటుతో పోయాడని కబురొచ్చింది. బ్రౌనింగ్ ఓడెక్కి బెల్జియం వెళ్ళి ఎఫ్.ఎన్. కంపెనీకి ఇచ్చేశాడు. ఆటో-5 అనే ఆ తుపాకీ 1998 దాకా తయారైంది. ఒక డిజైన్ దాదాపు వందేళ్ళు మార్కెట్లో నిలవడమంటే మన ఫీల్డులో ఊహకందని సంగతి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. షాట్‌గన్ రోజులన్నీ బంగారు రోజులని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఆకాశం కమ్మేసినట్టు ఎగిరే ప్యాసింజర్ పావురాల్ని మార్కెట్లో అమ్ముకోవడానికి వలలతోనూ తుపాకులతోనూ ఊడ్చేశారు. ఆ జాతిలో చివరి పిట్ట 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జూలో చచ్చిపోయింది. ఆ దెబ్బకి బుద్ధొచ్చి చట్టాలు చేసుకున్నారు. 1918లో వలస పక్షుల చట్టం, 1935లో బాతుల వేటకి మూడు తోటాల పరిమితి, 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం. ఈ మూడోది తెలివైన ఏర్పాటు. పొడుగు తుపాకుల మీదా తూటాల మీదా 11 శాతం పన్ను వేసి ఆ డబ్బుని అడవులకీ జంతువులకీ ఖర్చుపెడతారు. మూడు తోటాల నియమం ఇప్పటికీ ఉంది. నాలుగోది పట్టకుండా తుపాకీ మ్యాగజీన్‌లో ఒక అడ్డు బిగిస్తారు. చాలా రాష్ట్రాల్లో ముప్ఫై తూటాల రైఫిల్ మ్యాగజీన్‌కి మాత్రం ఏ అడ్డూ లేదు. బాతులకున్న రక్షణ అది.

యుద్ధాలయ్యాక వచ్చింది అసలు వైభవం. 1950లో రెమింగ్టన్ 870 పంపు షాట్‌గన్ మొదలైంది. రేకు నొక్కి చేసిన భాగాలు, తక్కువ ధర, నమ్మకమైన పనితనం. పదేళ్ళకి మోస్‌బర్గ్ 500 పోటీకొచ్చింది. రెండూ కోటి దాటాయి. వేటగాడి దగ్గరా, పోలీసు కారులోనూ, కిరాణా కొట్టు గల్లా కింద కూడా ఇవే.

మరి పడిపోవడం ఎక్కడ మొదలైంది? నా లెక్కలో మొదటి దెబ్బ తుపాకీకి కాదు, పిట్టకి తగిలింది. పొలాలు పెద్దవై గట్లూ పొదలూ పోయాక బాబ్‌వైట్ అనే కముజు జాతి పిట్ట 1960ల తర్వాత 80 శాతానికి పైగా తగ్గిపోయింది. బడి వదలగానే తుపాకీ తీసుకుని ఇంటి వెనకాల పొలంలోకి పోయే అలవాటు దాంతోపాటే పోయింది. అదే సమయంలో జింకలు విపరీతంగా పెరిగాయి, జింకలకి రైఫిల్ కావాలి. ఒహాయో, అయోవా, ఇల్లినాయ్ లాంటి చదును నేలల రాష్ట్రాలు తూటా మరీ దూరం పోకూడదని జింకల వేటకి షాట్‌గన్‌నే పట్టుబట్టేవి. ఒహాయో 2014లో, అయోవా 2017లో, ఇల్లినాయ్ 2023లో కొన్ని రకాల రైఫిళ్ళకి తలుపు తీశాయి. వేటగాళ్ళూ తగ్గారు. ప్రభుత్వ సర్వేల ప్రకారం 1991లో కోటీ 41 లక్షలమంది, 2016లో కోటీ 15 లక్షలు.

రెండోది పోలీసులు. 1997 ఫిబ్రవరి 28న లాస్ ఏంజిలిస్ నార్త్ హాలీవుడ్‌లో ఇద్దరు బ్యాంకు దొంగలు ఒళ్ళంతా కవచాలు తొడుక్కుని ఆటోమేటిక్ రైఫిళ్ళతో దిగితే, పోలీసుల పిస్టళ్ళూ షాట్‌గన్లూ వాళ్ళనేమీ చెయ్యలేకపోయాయి. దగ్గర్లోని తుపాకుల షాపుకెళ్ళి రైఫిళ్ళు అరువు తెచ్చుకోవాల్సొచ్చింది. ఆ తర్వాత దేశమంతా పోలీసు కార్లలో షాట్‌గన్ స్థానంలోకి ఏఆర్-15 రకం రైఫిల్ రావడం జోరందుకుంది. పోలీసులేం మోస్తే జనం అదే మంచిదనుకోవడం మామూలే. ఆ రకం తుపాకుల మీద 1994లో పెట్టిన నిషేధం 2004లో ముగిసింది. ఇరాక్, అఫ్ఘనిస్తాన్ నుంచి తిరిగొచ్చిన సైనికుల చేతికి అలవాటైన తుపాకీ కూడా అదే బాపతుది.

మూడోదీ అన్నిటికన్నా పెద్దదీ పిస్టల్. 1987లో ఫ్లోరిడా అర్హత ఉన్న ప్రతివాడికీ దాచి మోసే అనుమతి ఇస్తానంది, ఒక్కో రాష్ట్రమే అదే దారి పట్టింది. షాట్‌గన్‌ని జేబులో పెట్టుకోలేం కదా. జనం తుపాకీ ఎందుకు ఉంచుకుంటున్నారో కూడా మారిపోయింది. 1999లో అడిగితే 49 శాతం యజమానులు ముఖ్య కారణం వేట అన్నారు, ఆత్మరక్షణ అన్నవాళ్ళు 26 శాతం. 2013లో అదే ప్రశ్నకి వేట 32, ఆత్మరక్షణ 48. పద్నాలుగేళ్ళలో తారుమారు! షాట్‌గన్ చరిత్ర మొత్తానికి ఈ నాలుగంకెలే కీలకం అని నా అభిప్రాయం. తుపాకీ ముందు నిలబడేది పిట్ట కాకుండా మనిషి అని ఊహించుకోవడం మొదలయ్యాక కొనే వస్తువూ మారుతుంది.

2013 ఫిబ్రవరిలో అప్పటి ఉపాధ్యక్షుడు జో బైడెన్, ఏఆర్-15 అక్కర్లేదు, ఇంటి రక్షణకి షాట్‌గన్ కొనుక్కోండి, ఏదైనా అయితే బాల్కనీలోకొచ్చి రెండుసార్లు పేల్చమని మా ఆవిడకి చెప్పాను అన్నాడు. ఒక తరం అమెరికన్లకి అది మామూలు మాట. కొత్త తరం నవ్వింది. గాల్లోకి పేల్చడం చాలాచోట్ల నేరమన్నారు, భుజం విరిగేలా తన్నే తుపాకీ ఆడవాళ్ళకెందుకన్నారు. అన్నట్టు, షాట్‌గన్‌కి గురి అక్కర్లేదన్నది సినిమా భ్రమ. గదిలో ఉండే దూరానికి ఆ గుళ్ళు అరచేతి మేర కూడా విచ్చుకోవు.

అంకెల దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి. 1994 నాటి సర్వే ప్రకారం దేశంలో 19.2 కోట్ల తుపాకులుంటే షాట్‌గన్లు 4.9 కోట్లు, అంటే నాలుగో వంతు. 2021 సర్వే అంచనాలో 41.5 కోట్లలో 9.8 కోట్లు. పద్ధతులు వేరైనా ఇదీ నాలుగో వంతుకి దగ్గరే. మరి తగ్గిందెక్కడ? మనం ఇన్‌స్టాల్డ్ బేస్ వేరు, కొత్త లైసెన్సులు వేరు అంటాం చూడండి, ఇక్కడా అంతే. తాతగారి షాట్‌గన్ తుప్పు పట్టకుండా చూసుకుంటే మనవడికీ పనిచేస్తుంది, బీరువాలో నిలబడి లెక్కలోకి వస్తూనే ఉంటుంది. కొత్తగా కొన్నవి చూస్తే తేడా తెలుస్తుంది. అమెరికాలో తయారైన షాట్‌గన్లు 2013లో సుమారు 12 లక్షలు. 2020లో 5 లక్షల లోపే, ఆ ఏడాది పిస్టళ్ళు దాదాపు 55 లక్షలు. టర్కీలో కోన్యా దగ్గరున్న హూలూ లాంటి ఊళ్ళ నుంచి చవక షాట్‌గన్లు బాగా దిగుమతవుతున్నాయి కాబట్టి ఈ అంకెలు పతనాన్ని కాస్త ఎక్కువ చేసి చూపిస్తాయి, నిజమే. అవన్నీ కలిపినా పిస్టళ్ళ దరిదాపులకి రావు. 870 చేసిన రెమింగ్టన్ 2018లోనూ 2020లోనూ దివాలా తీసింది. 1816 నుంచీ ఆ పేరుతో ముడిపడ్డ న్యూయార్క్ ఇలియన్‌లోని ఫ్యాక్టరీ 2024 మార్చిలో మూతపడింది. షాట్‌గన్ ఇంకా పచ్చగా ఉన్నది ఆటలోనే. మిన్నెసోటాలో మొదలైన హైస్కూలు క్లే టార్గెట్ లీగు చాలా రాష్ట్రాలకి పాకింది. మన హైదరాబాదీ కైనన్ చెనాయ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో (2023లో జరిగాయి) ట్రాప్ జట్టు స్వర్ణంలో భాగం పంచుకున్నదీ ఈ తుపాకీతోనే.

ఇదంతా మనకెందుకు అంటారా? 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతాలో బార్‌లో కూర్చున్న ఒక తెలుగు ఇంజనీరుని పిస్టల్‌తో కాల్చి చంపాక, మనవాళ్ళ వాకిళ్ళలో, పాట్‌లక్కుల్లో "మనమూ ఒకటి ఉంచుకుంటే?" అన్న ప్రశ్న మొదలైంది. భయం నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసెయ్యను. కానీ 2019లో ఎఫ్‌బీఐ లెక్కకెక్కిన హత్యల్లో పిస్టళ్ళతో జరిగినవి 6,368, షాట్‌గన్లతో 200. 2021లో తుపాకులవల్ల పోయిన 48,830 మందిలో 26,328 మందివి ఆత్మహత్యలు. ఉద్యోగం పోయి, వీసా గడువు తరుముకొస్తూ, రాత్రి రెండింటికి నిద్రపట్టక కూర్చున్న మనిషి ఉన్న ఇంట్లో సొరుగులో తూటాలు నింపిన పిస్టల్ ఉండటం నాకైతే దొంగ భయంకన్నా పెద్ద భయం. నా మట్టుకు నేను కొనను.

హెచ్1బీ మీదున్నవాళ్ళు అసలు కొనగలరా అన్న సందేహం చాలామందికుంది. 1998లో చేసిన సవరణ ప్రకారం తాత్కాలిక వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకీ కొనడం, ఉంచుకోవడం రెండూ నిషేధమే. ఒక మినహాయింపుంది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉండాలి. పరాయివాడు తుపాకీ అడిగితే బాతుల కోసమే అయ్యుంటుందని చట్టం ఇంకా అనుకుంటోంది. ఆ మినహాయింపు షాట్‌గన్‌కే అని మాత్రం ఎక్కడా రాయలేదు. అంచేత ఆన్‌లైన్లో వేటగాళ్ళ భద్రతా కోర్సు పూర్తిచేసి, లైసెన్సు ఫీజు కట్టి, ఒక్క బాతునైనా చూడకుండా ఆ కాగితం కౌంటర్ మీద పెట్టి పిస్టల్ అడగొచ్చు. షాపువాళ్ళకి ఇది కొత్తేం కాదు.