విప్పి బిగించిన చదువు

జి.డి. నాయుడు గారు 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో, మనలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టారు. బడి చదువు తక్కువే. ఒక ఆంగ్లేయ అధికారి మోటార్ సైకిల్ చూసి ఆశపడి, పనిచేసి డబ్బు కూడబెట్టి దాన్ని కొన్నారు. భాగాలన్నీ విప్పి, మళ్లీ బిగించి పని నేర్చుకున్నారు. 1920లో ఒకే బస్సుతో పొల్లాచ్చి–పళని దారిలో వ్యాపారం మొదలుపెట్టారు.

అప్పటి బండ్ల గేర్‌బాక్సుల్లో సింక్రోమెష్ లేదు. అది 1928లో కాడిలాక్ కార్లతో వచ్చింది. అంతవరకు గేరు మార్చాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కాల్సిందే, లేకుంటే పళ్లు గరగరలాడేవి.

కోవిల్‌పట్టిలో మెకానిక్కయిన మా మామ పాత అంబాసిడర్ గేర్‌బాక్సు విప్పితే, భాగాలు వరుసగా పరిచి, తిరుగు వరుసలో ఎక్కిస్తాడు. "విప్పేది ఎవరైనా విప్పుతారు. బిగించినాక ఒక్క వాషర్ మిగిలినా పని కానట్టే" అంటాడు.

నాయుడు గారు నమ్మిన చదువూ ఇదే. ఆయన కృషితోనే 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్ ఏర్పడింది. చేతిపని చేసేవాళ్లను చదువురానివాళ్లని అనే ముందు ఈ చరిత్ర గుర్తుచేసుకుందాం.