పెట్టె కాదు, తీగ

పేస్‌మేకర్ మొరాయించిన కథ ఎవరు చెప్పినా బ్యాటరీ చుట్టూనే తిరుగుతుంది. 1958 అక్టోబర్ 8న స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఆసుపత్రిలో సర్జన్ సెన్నింగ్, ఇంజినీర్ ఎల్మ్‌క్విస్ట్ తయారుచేసిన పరికరాన్ని ఆర్నె లార్సన్ అనే రోగి ఒంట్లో పెట్టారు. అది కొన్ని గంటలకే ఆగిపోయింది. తర్వాత వచ్చిన మెర్క్యురీ-జింక్ బ్యాటరీలు రెండేళ్లయినా నిండకుండానే అయిపోయేవి. 1972లో లిథియం-అయొడిన్ బ్యాటరీ వచ్చాక కష్టాలు గట్టెక్కాయంటారు. అబద్ధం కాదు గానీ, ఈ కథలో పరికరాన్ని గుండెతో కలిపే తీగ ఊసే లేదు.

బ్యాటరీ ఉన్న పెట్టె చర్మం కింద కదలకుండా కూర్చుంటుంది. తీగ మాత్రం గుండెతో పాటు రోజుకు సుమారు లక్షసార్లు వంగుతుంది. 1970ల చివర్లో దాని తొడుగుకు సిలికాన్ బదులు పాలీయురేథేన్ వచ్చింది. సిలికాన్ మందం, ఊరికే చిరిగేది. కొత్తది సన్నగా, జారుడుగా ఉండటంతో ఒకే సిరలోంచి రెండు తీగలు సులువుగా దిగేవి. డాక్టర్లు ముచ్చటపడ్డారు. కొన్నేళ్లకే కొన్ని మోడళ్ల తొడుగు పగుళ్లిచ్చింది. బయటి నుంచి ఒంట్లోని రక్షక కణాలు వదిలే ఆక్సీకరణ పదార్థాలు, లోపలి నుంచి తీగచుట్టలోని కోబాల్ట్ వంటి లోహాలు దాన్ని తినేశాయి. అయితే నేరమంతా ప్లాస్టిక్ మీద తోసెయ్యడం నాకు సమ్మతం కాదు. ఇంచుమించు అదే కాలంలో కాలర్ బోన్ కింద సూది గుచ్చి తీగ దించే పద్ధతి పాకింది. పని త్వరగా తెమిలేది. కానీ తీగ ఆ ఎముకకూ మొదటి పక్కటెముకకూ మధ్య ఇరుక్కుని, చెయ్యి కదిలినప్పుడల్లా నలిగేది. తీగను పట్టి ఉంచే కుట్టు మరీ బిగించినా తొడుగు దెబ్బతినేది. తప్పు తయారీదా, చేతిదా అన్నది ప్రతిసారీ తేలే విషయం కాదు.

1994లో ఉపసంహరించిన టెలెక్ట్రానిక్స్ కంపెనీ అక్యూఫిక్స్ తీగది మరో తంటా. గుండె పైగది కర్ణికలో 'జె' ఆకారం నిలవడానికి దాని లోపల పెట్టిన సన్నని లోహపు తీగ విరిగి, తొడుగు చీల్చుకుని బయటికి పొడుచుకొచ్చేది. కొందరు చనిపోయారు. భయపడి తీయించుకోబోతే, తీయడంలోనూ ప్రాణాలు పోయాయి. చాలామందికి దాన్ని కదపకుండా కనిపెట్టుకుని ఉండటమే మేలని చివరికి తేలింది.

లోపాల వల్ల పేస్‌మేకర్లు మార్చాల్సి రావడం అమెరికాలో 1993లో వెయ్యికి 9 నుంచి 2002 నాటికి 1.4కు తగ్గిందని 2006లో వచ్చిన అధ్యయనాన్ని తరచూ చూపిస్తారు. ఆ లెక్క పెట్టెలది, తీగలది కాదు. 2016లో తీగ లేని మైక్రా పేస్‌మేకర్‌కు అమెరికా అనుమతి దొరికినప్పుడు నా వాదనకు బలం వచ్చిందనుకున్నాను. అదే ఏడాది తీగ లేని మరో పరికరం నానోస్టిమ్‌ను అమర్చడం ఆపేశారు. ఈసారి చెడింది బ్యాటరీయే.