కైశోరమునందలి సంతృప్తి



ఐదేండ్లవరకు కౌమారము, పదివరకు పౌగండము, పదునైదువరకు కైశోరము, ఆపై యౌవనము అని మన ప్రాచీనులు వయస్సును విభజించిరి. పదునారేండ్ల కుమారుని మిత్రునివలె చూడవలెనను నీతియు మనకు క్రొత్తది కాదు. అయినను "మా కాలమున ఈ వయసు పిల్లలకు ఈ దిగులు లేదు" అని మనలో పలువురందురు. ఈ మాట ఎంతవరకు నిజమో చరిత్రనుబట్టి విచారింతము.

యవన పండితుడగు అరిస్టాటిల్, యువకులు త్వరగా కోపింతురనియు త్వరగా ఆశపడుదురనియు తన వక్తృత్వశాస్త్రమున వర్ణించెను. 1762లో ఫ్రెంచి గ్రంథకర్త రూసో "ఎమీల్" అను గ్రంథమున ఈ దశను రెండవ జన్మముగా భావించెను. 1904లో అమెరికా పండితుడు స్టాన్లీ హాల్ రెండు సంపుటములు ప్రకటించి, ఈ వయస్సు తుఫానువంటిదనియు, కలత దానికి సహజమనియు వాదించెను. 1928లో మార్గరెట్ మీడ్ అను విదుషి సమోవా దీవుల బాలికలయందు అట్టి కలత కానరాదనియు, కావున అది సంఘపు కట్టుబాట్లవలన కలుగునదనియు వ్రాసెను. 1983లో డెరెక్ ఫ్రీమన్ ఆమె మాటను ఖండించెను.

పండితుల వాదమట్లుండగా, వేలకొలది పిల్లలను అడిగి తెలిసికొను పద్ధతి యొకటి వచ్చినది. హ్యాడ్లీ కాంట్రిల్ ఒక నిచ్చెనను కల్పించెను. అడుగున సున్న, కొనయందు పది. "నీ బ్రదుకు నేడు ఏ మెట్టుమీద నున్నది?" అనుటయే ప్రశ్న. ఐరోపా పరిశోధకులు కొందరు 1983 మొదలు 11, 13, 15 ఏండ్ల పాఠశాల పిల్లలను ప్రశ్నింప నారంభించి, తరువాత ఈ నిచ్చెనను గూడ చేర్చుకొనిరి. పదునొకండేండ్లవారికంటె పదునైదేండ్లవారు క్రింది మెట్లు చూపుదురనియు, బాలికలయందు ఈ దిగుట హెచ్చనియు తేలినది. ఆ వయస్సున చదువు బరువు పెరుగును. తల్లిదండ్రులతో మనసిచ్చి మాటాడుట తగ్గును. అయినను పెక్కురు నడిమి మెట్టునకు పైననే యుందురు. కావున ఇది రోగమని భయపడ బనిలేదు. లేదని త్రోసివేయను రాదు.

ఇక మన దేశము మాట. బ్రిటిషు ఇండియాలో 1929 నాటి శారదా చట్టము వివాహమునకు బాలికకు 14, బాలునికి 18 ఏండ్లు ఉండవలెనని విధించినది. 1978లో అవి 18, 21 అయినవి. అంతకుమున్ను పండ్రెండేండ్ల పిల్ల అత్తవారింట నీళ్లు మోయుచుండెడిది. ఆమెను ఏ మెట్టుమీద నున్నావని అడిగినవారెవ్వరు? అడుగనిచోట దిగులు లేదనుకొంటిమి.

ఆరవ తరగతిలో చేయెత్తి బిగ్గరగా బదులు చెప్పిన బాలికయే పదవ తరగతిలో తల వంచుకొని కూర్చుండుట నా ఉపాధ్యాయవృత్తిలో పలుమారులు చూచితిని. మార్కులు తగ్గలేదు, మాట తగ్గినది. వినయము అలవడినదని తండ్రులు సంతసించిరి.

కావున, పెద్దలారా, చదువు మాన్పించునపుడును, సంబంధము చూచునపుడును ముందుగా ఆ పిల్లనో పిల్లవానినో అడుగుడు. బదులు ముగియువరకు నడుమ మాటాడక వినుడు. మిత్రునివలె చూడుమన్న నీతికి అర్థమిదియే. అది కుమారునికెంతయో కుమార్తెకును అంతయే.